నలుసు సీసల లేదు

వారానికి ఒక్కరన్న మెసేజ్ పెడ్తరు. "అక్కా, సెన్సార్ మీద దుమ్ము పడ్డది, ఎట్ల తీయాలె?" అని. అందరూ కొత్తగ కెమెరా కొన్న తమ్ముళ్లు, చెల్లెండ్లే. నేను స్టూడియో పని ఇడిసిపెట్టి చాన రోజులైంది. ఇప్పుడు అల్వాల్‌ల ఇంట్ల కూసోని వేరేటోళ్ల వీడియోలు ఎడిట్ చేసుకుంటున్న. అయినా నన్నే అడుగుతరు. జవాబు చిన్నదే. నోటితోని ఊదకుర్రి, తుంపర పడ్తది. అంగి కొసతోని తుడవకుర్రి, గీతలు పడ్తయ్. గాలి ఊదే రబ్బరు బ్లోయర్ కొట్టుర్రి, పోకుంటే సర్వీస్ సెంటర్‌ల ఇయ్యుర్రి.

కాని ఆ జవాబు పెట్టేముందు నేనొకటి అడుగుత. "ఆ దుమ్ముతోని తీసిన ఫోటోలు ఎవరికన్న పంపినవా?"

ఎందుకు అడుగుతున్ననో చానమందికి సమజ్ గాదు. కొందరికి కోపం గూడ వస్తది. "అక్కా, అడిగిందానికి చెప్పు" అంటరు. గందుకే ఇది రాస్తున్న. ఉద్యోగం జ్ఞాపకాలు రిటైరైనోళ్లు రాసుకోవాలె గదా అంటే, ఫంక్షన్ హాళ్లల్ల పొద్దుందాంక నిలబడి ఫోటోలు తీసినోళ్ల నడుములు జల్దీ రిటైరైతయ్. అనుకోర్రి గట్ల.

నేను పని చేసిన స్టూడియో మేడ్చల్‌ల ఉండె. అల్వాల్‌ల స్టూడియోలకు పోయి పని అడిగితే ఆడపిల్ల అని కంప్యూటర్ ముందట కూసోబెట్టి పాస్‌పోర్ట్ ఫోటోలు కట్ చెయ్యమన్నరు. ఒకాయనతోని లొల్లి పెట్టుకొని బయటికొచ్చిన. మేడ్చల్ స్టూడియో అన్న మాత్రం ఏం అడగలే. చేతికి కెమెరా ఇచ్చి, "రేపు పెండ్లి ఉంది, పొద్దుగాలనే రా" అన్నడు. గంతే. నేను అరిసినా అరవని మనిషి ఆయన. గది నాకు ఇంకింత కోపం తెప్పిస్తుండె.

మా దగ్గర లారీలకు, ఆటోలకు దసరా పూజ చేసినట్టే కెమెరాలకు గూడ చేస్తరు. పీట మీద ఎర్రబట్ట పరిచి, బాడీలు ఒక దిక్కు, లెన్సులు ఒక దిక్కు, ఫ్లాష్‌లు ఒక దిక్కు వరుసగ పెట్టి ఒక్కోదానికి పసుపు కుంకుమ పెడ్తరు. బాడీకి లెన్స్ తగిలించి పెట్టొచ్చు గదా అంటే పెట్టరు. లెన్స్ వేరే పనిముట్టు, దానికి దాని బొట్టు దానికి పడాలె. ఆ దసరాకు బొట్లు పెట్టింది అన్న వాళ్లమ్మ. నేను పెద్దమ్మ అని పిలుస్తుంటి.

లెన్స్ తీసినంక కెమెరా నోరు తెరిచినట్టు ఉంటది, లోపల బొమ్మ పడే పలక, గదే సెన్సార్, దాని మీద ఏం పడ్డా ఫోటో పాడైతది. గందుకే నేను మూత పెట్టిన. పెద్దమ్మ వచ్చి ఆ మూత తీసి పక్కకు పెట్టింది.

"పెద్దమ్మా, అది తీయొద్దు. లోపల నలుసు పడ్తది."

"మూతకు బొట్టు వెడ్తే మూతకు వెట్టినట్టయితది బిడ్డా. దీనికెట్ల వెట్టినట్టయితది?"

"పక్కకు పెట్టు, పైన పెట్టు. నోట్ల ఎందుకు?"

"నోట్ల వెడ్తున్ననా? పెదిమ మీద వెడ్తున్న." లెన్స్ తగిలించే ఇనుప రింగ్ ఉంటది గదా, దాన్ని పెదిమ అన్నది ఆమె.

నేను గట్టిగనే అరిసిన. అన్న నా భుజం మీద చెయ్యేసి బయటికి తీస్కపోయిండు. "పెట్టనియ్యమ్మా. ఒక్క బొట్టు. తర్వాత నేను బ్లోయర్ కొడ్త" అన్నడు. నేను మెట్ల మీద కూసోని ఫోన్ చూసుకుంట ఉన్న. లోపల్నుంచి ఊదు పొగ వస్తాంది. అన్న చెప్పినట్టే బ్లోయర్ కొట్టిండు, లెన్స్ పెట్టిండు, అందరం పులిహోర తిన్నం.

తర్వాత అంతా పెండ్లిళ్ల సీజన్. పెండ్లి ఫోటోలల్ల వెనక పూలు, లైట్లు, చీరెల జరీ. అపర్చర్, అంటే లెన్స్‌ల వెలుతురు వచ్చే కంత, బాగ తెరిచి తీస్తం. సెన్సార్ మీద నలుసు ఉన్నా కనబడది. తెల్ల గోడ ముందట అపర్చర్ తగ్గించి తీసినప్పుడే బయటపడ్తది అది. మా పెండ్లికొడుకులు తెల్లగోడ ముందట నిలబడరు.

గప్పుడు తుర్కపల్లి దిక్కున్న ఒక మందుల కంపెనీల పని వచ్చింది. ఇంజెక్షన్ సీసల ఫోటోలు తీయాలె, వాళ్ల పుస్తకంల వేసుకుంటరంట. అన్న వేరే ఫంక్షన్‌కు పోవుడుతోని నన్ను పంపిండు. గేట్ కాడనే ఫోన్ గుంజుకున్నరు. రూల్ అంట. కెమెరాకు పర్మిషన్ ఉందంట గని ఫోన్‌కు లేదంట. అక్కడ్నే సెక్యూరిటీ ఆయనతోని లొల్లి. ఆయన నా మొఖం గూడ చూడలే, డబ్బల పడేసి టోకెన్ ఇచ్చిండు.

లోపల ఒక రూంల తెల్లబట్ట కట్టి లైట్లు పెట్టుకున్న. సీసలు ట్రేల పెట్టుకొని ఒక అక్క తెచ్చింది. తల మీద టోపీ, మూతికి మాస్క్, కండ్లు ఒక్కటే కనబడ్తున్నయ్. ఆమె పని సీసలల్ల నలుసులు చూసుడు. ఒక చిన్న అరల కూసోని, లైట్ కింద సీస పట్టి, జర తిప్పి, ఒకసారి తెల్ల అట్ట ముందట, ఒకసారి నల్ల అట్ట ముందట పెట్టి చూస్తది. నల్ల నలుసు తెల్లదాని ముందట కనబడ్తది, తెల్ల నలుసు నల్లదాని ముందట. ఏమన్న ఉంటే పక్కకు, లేకుంటే ముందుకు. పొద్దంతా అదే పని.

నేను ఫోటోకు, ఫోటోకు నడుమ ఊకె ప్యాంట్ జేబు తడుముకుంటున్న. ఆమె చూసి నవ్వింది.

"ఏంది చెల్లె, జేబుల ఎలుక సొచ్చిందా?"

"ఫోన్ లేదక్కా. చెయ్యి ఊకుంటలేదు."

"మా ఆయన గిట్లనే. చెరువుల వల ఏసి గూడ ఫోన్ సూసుకుంట కూసుంటడు. సేపలు నవ్వుతయ్ ఆయన్ని జూసి."

శామీర్‌పేట చెరువు పక్క ఊరంట వాళ్లది. ఆయన చేపలు పడ్తడు, ఈమె కంపెనీల కాంట్రాక్ట్ మీద చేస్తది. పని అయినంక గేట్ బయట చాయ్ డబ్బా కాడ కూసోని చాయ్ తాగినం. నెంబర్ ఇచ్చుకున్నం. ఫోటో తీసిన సీసలను మళ్ల లోపలికి తీస్కపోరు, పారేస్తరు, అది గూడ రూలే అని గప్పుడే చెప్పింది. నాకేం అవసరం అనుకున్న.

అన్న ఆ ఫోటోలను క్రాప్ చేసి, అంటే అంచులు కత్తిరిచ్చి, కంపెనీకి పంపిండు. ఒకదాంట్ల సీస నడుమకు, ఒకదాంట్ల పక్కకు, ఒకదాంట్ల మూతి దాంక దగ్గరికి. సీసల ఏదో చిన్న మచ్చ లెక్క ఉంటే ఆయన చూసిండంట. తీసేద్దామనుకొని ఆగిండంట. "మందు గదా అమ్మా. అండ్ల ఉన్నదాన్ని మనం తుడుస్తే పాపం" అన్నడు నాతోని తర్వాత. పెండ్లికూతురు మొటిమ తుడిసే చెయ్యి, ఆడ మాత్రం ఆగింది.

కొన్ని రోజులకు ఒక పొద్దుగాల అక్క ఫోన్ చేసింది. హలో లేదు, ఏం లేదు.

"ఏం దీసినవే నువ్వు?"

"ఏందక్కా?"

"ఏం దీసినవని అడుగుతున్న. సీసలల్ల నలుసులున్నయంట. నీ ఫోటోలు వెద్దగ జేసి సూపెట్టింది క్వాలిటీ మేడం. నేను సూసి పాస్ జేసిన సీసలవి. ఒక్కదాంట్ల గాదు, అన్నిట్ల ఉన్నయంట."

"ఉంటే ఉన్నయ్. నేనేం చేయాలె? ఉన్నది తీసిన."

"ఉన్నయా? నువ్వు సూసినవా నీ కండ్లతోని?"

"నా మీద ఎందుకు అరుస్తున్నవ్ అక్కా? మీ సీసలు, మీ మేడం."

"మజ్జానం పిలిసిండ్రు నన్ను. తీసేస్తరు. నలుసు ఇడిసిపెట్టిందని తీసేస్తే ఈ సుట్టుపక్కల ఏ కంపెనీ గేటు గూడ ఎక్కనియ్యరు. నీకేం, ఇంకో పెండ్లికి వోతవ్."

కట్ చేసింది. నేను గూడ ఫోన్ మంచం మీద ఇసిరేసిన. మళ్ల నేనే తీసుకున్న. మిగిలిన సీసలు ఎన్ని చూసినా ఏం లాభం, ఫోటోల ఉన్న సీసలు పారేసిండ్రు. ఉన్న సాక్ష్యం నా ఫోటోలే.

క్రాప్ చేయని ఫోటోలు నా ఫోన్ల ఉన్నయ్. ఒక్కొక్కటి జరుపుకుంట పోతున్న, కోపంగ, జల్దీ జల్దీ. సీస మారుతాంది, లేబుల్ మారుతాంది, మూత రంగు మారుతాంది. ఫోన్ స్క్రీన్ మీద ఏదో అంటింది. బొటనవేలుతోని తుడిచిన. పోలే. అంగికి రుద్దిన. పోలే. మళ్ల జరిపిన. సీసలు పోతున్నయ్, వస్తున్నయ్, మచ్చ మాత్రం అక్కడ్నే ఉంది. ఈగ వాలినట్టు, ఒక్కటే జాగల.

గది సీసల ఉన్న నలుసు గాదు. సీసల ఉంటే సీసతోని పోవాలె గదా. స్టాండ్ మీద కెమెరా కదలలే, సీసలు అన్నీ ఒక్కటే జాగల పెట్టిన, గందుకే ప్రతి సీసల పడ్డట్టు కనబడ్తాంది. అన్న ఒక్కోదాన్ని ఒక్కో తీరు క్రాప్ చేసుడుతోని మేడంకు ఒక్కో దగ్గర ఒక్కో నలుసు కనబడ్డది.

అక్కకు ఫోన్ కొట్టిన. స్విచాఫ్. గేట్ కాడ డబ్బల పడ్డదన్నట్టు. అన్నకు కొట్టిన.

"అన్నా, సెన్సార్ మీద నలుసు ఉంది. కంపెనీ ఫోటోలల్ల పడ్డది అదే."

"అవునా? ఆగు, ఐదు నిమిషాల్ల తీసేస్త. రేపు పెండ్లి గూడ ఉంది."

"అన్నా ముట్టకు."

"తుడిసే స్వాబ్ ఉంది నా దగ్గర, మంచిగనే తీస్త..."

"ముట్టకు అంటున్న గదా. బ్యాటరీ తీసి పక్కకు పెట్టు. ఎవ్వరు ముట్టొద్దు. నేను వస్తున్న."

జిందగీల మొదటిసారి నలుసు పోవద్దని మొక్కుకున్న. అది పోతే అక్క పని గూడ పోతది. కొంపల్లి కాడ ట్రాఫిక్‌ల హారన్ మీదికెళ్లి వేలు తీయలే నేను. ఒక ఆటో ఆయన "ఏం తల్లీ, కాన్పుకు పోతున్నవా" అన్నడు. జవాబు చెప్పే టైం గూడ లేకుండె.

స్టూడియోల అన్న కెమెరాను బ్యాగ్‌ల పెట్టుకొని కూసున్నడు. ఇస్తలేడు.

"కంపెనీకి పోయి చెప్పొస్త అన్నా. మా కెమెరాల దుమ్ము ఉండె అని."

"ఫోన్ల చెప్తా తీ."

"ఫోన్ల చెప్తే నమ్ముతరా? పని పోతాంది ఆమెకు. చూపెట్టాలె."

"చూపెడ్తే ఏమైతది? ఈ స్టూడియో వాళ్లకు కెమెరా తుడుసుకునుడు గూడ రాదంటరు. మేడ్చల్ దాంక తెలుస్తది."

"తెల్వనియ్యి. దుమ్మే గదా, ఎవనికి పడది?"

ఆయన బ్యాగ్‌ను ఇంకింత దగ్గరికి గుంజుకున్నడు. నాకు కోపం నెత్తికెక్కింది. "నీ పేరు కోసం ఒకామెను ఇంటికి పంపుతవా?" అని అడిగిన. గప్పుడు ఆయన తలుపు దిక్కు చూసి మెల్లగ అన్నడు.

"నా పేరు కోసం గాదు. అది దుమ్ము గాదమ్మా. కుంకుమ."

నేను గూడ తలుపు దిక్కు చూసిన.

"నాయిన పోయినకాన్నుంచి అమ్మ ఏ పూజల ముందటికి రాదు. పసుపు కుంకుమ ముట్టది. నా చెయ్యి మంచిది గాదు అంటది. ఈ దసరాకు నేనే గుంజుకొచ్చి పెట్టిచ్చిన. గీ కుంకుమతోని ఒకామె పని పోయిందని తెలిస్తే ఇగ జన్మల బొట్టు పెట్టది ఆమె. నేను అన్నట్టే అయింది జూసినవా అంటది."

లోపల గిన్నెల సప్పుడు అయితాంది. పెద్దమ్మ వండుతున్నది. దసరా నాడు అంతగనం అరిసిన నాకు ఇది ఎవరు చెప్పలే, నేను అడగలే.

జరసేపటికి ఆయననే బ్యాగ్ నా దిక్కు జరిపిండు. "దుమ్ము అని చెప్పు. ఏం దుమ్మో చెప్పకు."

మేడ్చల్ నుంచి శామీర్‌పేట మీదికెళ్లి తుర్కపల్లి దాంక బండి నడిపిన. జిందగీల అంత నిమ్మళంగ ఎప్పుడు నడపలే. కంకర లారీలు పక్కకెళ్లి ఉరుకుతున్నయ్. నేను ప్రతి స్పీడ్ బ్రేకర్ కాడ కాలు కింద పెట్టి, బ్యాగ్‌ను పొట్టకు ఒత్తుకొని దాటిన. ఊగితే నలుసు రాలుతదేమో అని. దసరా కాన్నుంచి అన్ని పెండ్లిళ్లు తిరిగినా రాలంది ఇయ్యాల రాలుతదా అని నాకూ తెలుసు. తెలిసినా బుగులు. చెరువు దాటంగనే మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికొచ్చింది. చెయ్యి ఫోన్ కోసం గుంజుతాంది, టైం చూద్దామని. చూడలే.

గేట్ కాడ మళ్ల అదే సెక్యూరిటీ ఆయన. ఫోన్ అడగకముందే డబ్బల పెట్టిన. కెమెరాకు ఈసారి పర్మిషన్ లేదన్నడు. "మేడంకు ఫోన్ చెయ్యి అన్నా, ఫోటోలు తప్పు పడ్డయని చెప్పు" అన్న. అరవలే. ఆయనకే అనుమానం వచ్చి నా మొఖం చూసిండు.

క్వాలిటీ మేడం రూంల అక్క అప్పటికే నిలబడి ఉంది. మాస్క్ తీసింది. మొఖం మొదటిసారి మంచిగ చూసిన. నన్ను చూసి తల పక్కకు తిప్పుకుంది.

"మేడం, ఆ నలుసు సీసల లేదు. మా కెమెరాల ఉంది."

మేడం కోపంగ ఏం లేదు. అది ఇంకా కష్టం. "ఇప్పుడొచ్చి చెప్తే ఎట్లమ్మా? రోగికి ఎక్కిచ్చే మందు ఇది. నీ మాట మీద నేను వదిలేయాల్నా?" అన్నది. ఆమె అన్నదాంట్ల తప్పేం లేదు. అండ్ల నలుసు పోతే మనిషి ప్రాణం మీదికొస్తది.

బ్యాటరీ పెట్టిన. ఈ కెమెరాను ఆన్ చేయంగనే సెన్సార్ తనంతట తానే దులుపుకుంటది, నీళ్లల్ల పడ్డ కుక్క లెక్క. ఆ దులుపుడుకు నలుసు గూడ పోయిందేమో అనుకున్న. అపర్చర్ తగ్గించి, టేబుల్ మీద తెల్ల కాయితం తీసిన. స్క్రీన్ చూసిన.

ఉంది. అక్కడ్నే ఉంది.

"మేడం, కాయితం మీద ఏమన్న ఉందా? లేదు. ఫోటోల ఉంది."

"కెమెరాల ఉందని ఒప్పుకుంటా. సీసలల్ల గూడ లేదని ఎట్ల?"

కార్డుల పాత ఫోటోలు ఉండె. సీస ఫోటో ఒకటి తెరిచిన. "మీ పెన్ను మొన ఈ నలుసు మీద పెట్టండి మేడం. తీయకండి." పెట్టింది. నేను బటన్ ఒత్తుకుంట ఫోటోలు మార్చిన. పెన్ను కింద సీసలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతున్నయ్. ప్రతిదాంట్ల నలుసు పెన్ను మొన కిందనే. వేరే మచ్చ ఏ సీసల లేదు. ఆఖరుకు తెల్లకాయితం వచ్చింది. అప్పుడు గూడ పెన్ను కిందనే.

మేడం పెన్ను తీయలే. ఇంకోసారి చూపెట్టమన్నది. చూపెట్టిన. ఇంకోసారి అన్నది. మూడోసారికి నా ఓపిక అయిపోయింది. కెమెరా ఎత్తి ఆమె వేసుకున్న తెల్లకోటు ఫోటో తీసి ముందట పెట్టిన.

"ఇగో, మీ కోటు మీద గూడ ఉంది నలుసు. ఇగ మిమ్మల్ని గూడ ఇంటికి పంపుతరా?"

అక్క అటు నుంచి నన్ను చూసిన చూపు ఇప్పటికీ యాదికుంది. చేసిందంతా చెడగొట్టినవ్ గదనే అన్నట్టు. మేడం స్క్రీన్ చూసింది, తన కోటు చూసుకుంది, వేలితోని ఆ జాగల దులుపుకున్నది గూడ. నవ్వలే.

"ఏం దుమ్ము ఇది?"

"రోడ్డు దుమ్ము మేడం. మేడ్చల్ రోడ్లు తెలుసు గదా."

"మీ స్టూడియోను మళ్ల పిలవం."

"సరే మేడం."

"నువ్వు అరలకు పో" అన్నది అక్కతోని. "తీసేసే లెటర్ పంపిస్తలేను."

గంతే. సారీ ఎవరు చెప్పలే. అక్క మాస్క్ పెట్టుకొని పోయింది.

నేను బయట చాయ్ డబ్బా కాడ కూసున్న. అన్నకు ఫోన్ చేసి "అయింది, దుమ్మనే చెప్పిన" అన్న. "సరే, తిని పో" అన్నడు. కంపెనీ పని పోయిందని చెప్తే, "పోతే పోయింది" అన్నడు. ఇంటికి పోవాలె గని పోలే. లేచిన, కూసున్న, రోడ్డు దాటిన, మళ్ల వచ్చిన. ఆమె వచ్చి థ్యాంక్స్ చెప్తదని చూస్తున్ననేమో. అవును, అదే చూస్తున్న.

షిఫ్ట్ ఇడిసినంక అందరు క్యాబ్‌ల దిక్కు పోతున్నరు. అక్క నా దిక్కు వచ్చి బల్ల మీద కూసుంది.

"నువ్వు రాకుంటే ఏమయితుండెనో ఎరుకనా?" అన్నది.

"తీసేస్తుండ్రి."

"అది గాదు. నేను ఒప్పుకుంటుంటి."

"లేని నలుసును ఎట్ల ఒప్పుకుంటవక్కా?"

"పొద్దుగాల నీతోని లొల్లి వెట్టుకున్న. ఆ తర్వాత అరల కూసున్న. సీస తీస్కొని సూస్తే ఉన్నట్టే గొడ్తాంది. ఇంకోటి సూస్తే అండ్ల గూడ. నా కండ్లే వోయినయ్ అనుకున్న. మేడం అడిగితే, ఉండె మేడం, నాకు కనబడలే అని చెప్దామని వోయిన లోపలికి. నోట్ల ఉండె మాట. నువ్వొచ్చినవ్."

నేను బల్ల మీద ఆమెకు దగ్గరికి జరిగిన.

డబ్బా ఆయనను నీళ్ల సీస అడిగి తీసుకుంది. మూత తిప్పబోయి ఆగింది. సీసను ఎండ దిక్కు ఎత్తి పట్టి, జర తిప్పి, చూసింది. దించింది. మళ్ల ఎత్తి చూసింది. క్యాబ్ డ్రైవర్ హారన్ కొడ్తున్నడు.

సీస నా చేతికిచ్చింది. "నువ్వు సూడు."

నేను ఎత్తి పట్టి చూసిన. ఆకాశం దిక్కు పెట్టి ఒకసారి, నా నల్ల బ్యాగ్ ముందట పెట్టి ఒకసారి.

"ఏం లేదక్కా."

"పక్కానా?"

"పక్కా."

అప్పుడు తాగింది.